బొమ్మల పుస్తకంతో మ్యూజియం యాత్ర

రాజధానికి బదిలీపై వచ్చిన తెలుగు కుటుంబాలన్నింటికీ ఒక ప్రదక్షిణ మార్గం ఏర్పడిపోతుంది. ఊరి నుండి బంధువులు దిగిన ప్రతిసారీ కుతుబ్ మీనార్, ఎర్రకోట, ఇండియా గేట్, సెలవు దొరికితే ఆగ్రా. మేము నోయిడాకు వచ్చిన ఈ పదకొండు సంవత్సరాలలో ఆ మార్గంలో ఎన్ని పర్యాయాలు తిరిగామో లెక్క లేదు. మ్యూజియంలకు మాత్రం ఆ జాబితాలో చివరి స్థానమే. ఎండ దుర్భరమైనప్పుడు తలదాచుకునే చోటుగానే వాటిని చూస్తూ వచ్చాము. మా మనుమరాలు చిన్ని వలన మా అభిప్రాయం మారినది. అది మారడానికి ముందు ఒక చేదు అనుభవం కూడా కలిగినది.

రెండు సంవత్సరాల క్రితం దసరా సెలవులకు చిన్ని గుర్‌గావ్ నుండి మా ఇంటికి వచ్చినది. అప్పటికి దానికి ఐదేళ్ళు. తల్లిదండ్రులు ఇద్దరూ ఉద్యోగస్థులు. పగలంతా అది గడిపే చోట హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు అర్థమవుతుంది గాని బదులు తెలుగులో రాదు. పిల్లకు లోకజ్ఞానం కలిగించాలనే సదుద్దేశంతో ఒక ఆదివారం జనపథ్‌లోని జాతీయ మ్యూజియంకు తీసుకొని వెళ్ళాము.

ఆ సంస్థ చరిత్రను ముందు రాత్రే చదివి సిద్ధమయ్యాము. 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవనంలోని గదులలో ఈ మ్యూజియం ప్రారంభమైనది. ఇప్పటి భవనానికి 1955 మే 12న నెహ్రూ గారు శంకుస్థాపన చేయగా, 1960 డిసెంబరులో దాని తొలి భాగం తలుపులు తెరుచుకున్నవి. సంగ్రహంలోని వస్తువులు రెండు లక్షలకు పైమాటే. వృత్తిరీత్యా తనిఖీలకు అలవాటు పడిన ప్రాణం కనుక అంతస్తుకు నలభై నిమిషాల చొప్పున కాలపట్టిక వేసుకున్నాము. మూడవ గ్యాలరీ దాటకముందే చిన్ని నేలపై చతికిలబడినది. "ఘర్ జానా హై" అని ఒకటే రాగం. బుజ్జగించాము, ఐస్‌క్రీమ్ ఆశ చూపాము, చివరకు కొంచెం గద్దించాము కూడా. అది ఏడ్చిన ఏడుపుకు అక్కడున్న వారంతా మావైపు తిరిగి చూశారు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో మా శ్రీమతి ఒకే ఒక మాట అన్నది. "ఏమండీ, దాన్ని మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళారా, స్టాకు వెరిఫికేషనుకా?"

సమాధానం తోచలేదు.

మా శ్రీమతి వివాహానంతరం కొంతకాలం విజయవాడలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసినది. తరువాతి సెలవుల బాధ్యతను ఆమె తన చేతిలోకి తీసుకున్నది. ఆమె నియమం చిన్నది: ఒక పుస్తకం, ఒక గ్యాలరీ, మూడు వస్తువులు. మొహెంజోదారోలో మాయ అనే పాపను గురించి చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ వారు ప్రచురించిన బొమ్మల పుస్తకాన్ని తెచ్చినది. వారం రోజులపాటు రాత్రి భోజనాలయ్యాక అదే పుస్తకం. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా చదువుట ఇంగ్లీషులో కాదు. బొమ్మ చూపి, ఆ బొమ్మలో ఏమున్నదో తెలుగులో చెప్పుట. ఒక్కొక్క పేజీ వద్ద ఎంతసేపైనా ఆగవచ్చును. మ్యూజియం ప్రస్తావన మాత్రం వారమంతా ఎత్తలేదు. శనివారం రాత్రి, "ఈ ఊరి వాళ్ళ బొమ్మలు కొన్ని నిజంగానే మన ఢిల్లీలో ఉన్నాయి, రేపు చూద్దామా?" అని అడిగినది. ఆదివారం ఉదయం ఆరు గంటలకే చిన్ని చెప్పులు వేసుకొని తలుపు దగ్గర నిలబడినది.

హరప్పా గ్యాలరీలోని నాట్యగత్తె కంచు బొమ్మ మనలో చాలామందికి పాఠ్యపుస్తకాల ద్వారా పరిచితమే. 1926లో మొహెంజోదారో త్రవ్వకాలలో దొరికినది. వయస్సు సుమారు నాలుగున్నర వేల సంవత్సరాలు. పుస్తకాలలో పేజీ నిండా అచ్చువేస్తారు కనుక, అది కనీసం మూరెడైనా ఉంటుందని మేము కూడా లోలోపల అనుకుంటూనే ఉన్నాము. దాని ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు మాత్రమే! చిన్ని అద్దం ముందు నిలబడి, "ఇత్‌నీ ఛోటీ?" అన్నది. మరుక్షణం అమ్మమ్మ వైపు తిరిగి "ఇంత చిన్నదా?" అని సవరించుకున్నది. తన పెన్సిలును అద్దానికి ఆనించి కొలిచినది. బొమ్మ పెన్సిలు కంటే పొట్టి. ఆ తరువాత గాజుల లెక్క మొదలైనది. ఎడమ చేతి నిండా భుజం వరకు గాజులు, కుడి చేతికి నాలుగే. "ఆ చేతికి ఎందుకు తక్కువ?" అని అడిగినది. పని చేసే చేయి కావచ్చునని అమ్మమ్మ అభిప్రాయపడినది. పండితులు ఏమంటారో గాని మాకు ఆ సమాధానం నచ్చినది.

అక్కడ మేము ఒక విషయం గ్రహించాము. పుస్తకం ఆ బొమ్మను పాపకు చుట్టరికం చేసి పెట్టినది. అయితే పుస్తకంలోని బొమ్మకు కొలత ఉండదు, బరువు ఉండదు, వెనుకవైపు ఉండదు. ఆ మూడింటి కోసమే మ్యూజియంకు రావాలి. చుట్టరికం లేకుండా వస్తే అద్దాల బీరువాలు తప్ప మరేమీ కనిపించవు. మా మొదటి యాత్రలో జరిగినది అదే.

రెండవ వస్తువు మా వృత్తికి దగ్గరిది. తల ఆడించే మట్టి ఎద్దు. తల వేరు, మొండెం వేరు. రెండింటినీ దారంతో కలిపి, ఆ దారాన్ని లాగితే తల ఊగే ఏర్పాటు. కదిలే భాగాలు గల యంత్రాన్ని పసివారి కోసం చేసిన ఆ అజ్ఞాత వ్యక్తిని మా వర్గంలో చేర్చుకోవడానికి మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. ఇంటికి వచ్చాక అగ్గిపెట్టె, అట్టముక్క, దారంతో ఒక ఎద్దును తయారుచేశాము. మూడు ప్రయత్నాలు విఫలమైన పిమ్మట నాలుగవది తల ఊపినది.

నాట్యగత్తెను పోత పోసిన పద్ధతిని కూడా వంటింట్లో చూపించాము. మైనంతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూసి, కాల్చితే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మాకు కొవ్వొత్తి, గోధుమపిండి ముద్ద సరిపోయినవి. గ్యాస్ టర్బైన్ బ్లేడ్లను నేటికీ ఇదే సూత్రం మీద పోత పోస్తారని మన సంస్థ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చిన్నికి చెప్పాము, దానికి అక్కరలేకపోయినది. కరిగిన మైనం తన వేలికి అంటుకొని టోపీలాగా ఊడివచ్చుట దానికి అంతకంటే గొప్ప విషయం.

అప్పటి నుండి సెలవులు వచ్చినప్పుడల్లా ఒక జంట: ఒక పుస్తకం, ఒక గ్యాలరీ. పుస్తకమూ మ్యూజియమూ ఒకే కప్పు క్రింద ఉన్న చోటు కూడా ఢిల్లీలో ఉన్నదని చాలామందికి తెలియదు. బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని నెహ్రూ హౌస్ అది. నోయిడా వైపు నుండి వచ్చేవారు మండీ హౌస్‌లో రైలు మారి ఐటీఓ స్టేషన్‌లో దిగితే సరిపోతుంది. ప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు కె. శంకర్ పిళ్ళై 1957లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్‌ను స్థాపించారు. అంతకుముందే, 1949 నుండి, బాలల చిత్రలేఖన పోటీలు నిర్వహిస్తూ వచ్చారు. ఆ పోటీలో బహుమతిగా ఇమ్మని హంగేరీ రాయబారి ఒక బొమ్మను ఇచ్చారట. దానితో శంకర్ గారికి బొమ్మల సేకరణపై మనస్సు మళ్ళినది. వెళ్ళిన ప్రతి దేశం నుండి ఒక బొమ్మను తేవడం అలవాటైనది. అవి వేయి వరకు పెరిగిన తరువాత 1965 నవంబరు 30న అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు బొమ్మల మ్యూజియంను ప్రారంభించారు. తరువాతి కాలంలో ఆ సంఖ్య ఆరువేలు దాటినది. సుమారు 85 దేశాల బొమ్మలు ఉన్నవి. సంఖ్య వినగానే మాలోని తనిఖీ అధికారి మేల్కొనబోయాడు గాని మా శ్రీమతి చూపుతో మళ్ళీ పడుకున్నాడు. ఆనాడు మేము చూసినది మూడు బీరువాలే.

ప్రసంగవశాత్తు మరొక సంగతి. అమర్ చిత్ర కథల సృష్టికర్త అనంత్ పాయ్ గారికి ఆ ఆలోచన కలిగినది కూడా ఢిల్లీలోనే. 1967లో టెలివిజన్‌లో ఒక క్విజ్ చూస్తుండగా, గ్రీకు పురాణ ప్రశ్నకు జవాబు చెప్పిన పిల్లలు శ్రీరాముని తల్లి ఎవరో చెప్పలేకపోయారట. ఆయన చదివినది కెమికల్ టెక్నాలజీ. సాంకేతిక విద్యావంతులకు బొమ్మల పుస్తకాలతో పని ఏమిటని మమ్మల్ని వేళాకోళం చేసే సహోద్యోగులకు మేము ఈ ఉదాహరణ చూపుతుంటాము.

జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా గ్యాలరీకి చిన్నిని తీసుకొని వెళ్ళుటకు మేము కొంత సంకోచించాము. 1954లో ప్రారంభమైన ఆ సంస్థలో ఉన్నది ఆధునిక చిత్రకళ. పెద్దవారమైన మాకే అందులో సగం అర్థం కాదు. చెన్నైలోని తూలిక ప్రచురణకర్తలు అమృతా షేర్‌గిల్ బాల్యం గురించి పిల్లలకోసం వెలువరించిన పుస్తకం ఆ సంకోచాన్ని తొలగించినది. తల్లి హంగేరీ దేశస్థురాలు, తండ్రి సిక్కు. 1913లో బుడాపెస్ట్‌లో జననం, 1941లో లాహోర్‌లో మరణం, ఇరవై ఎనిమిదేళ్ళ జీవితం. ఆమె చిత్రాలను 1976లో ప్రభుత్వం జాతీయ కళానిధిగా ప్రకటించినది. చిన్నికి ఇవేవీ పట్టలేదు. చిన్నతనంలోనే బొమ్మలు వేసిన ఒక పాప, పెద్దయ్యాక కూడా మానలేదు, అంతే.

1935లో అమృత వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' చిత్రం ముందు చిన్ని చాలాసేపు నిలబడినది. ముగ్గురూ ప్రక్కప్రక్కనే కూర్చున్నారు, ఎవరూ ఎవరివైపూ చూడరు. "వీళ్ళు కట్టీ అయ్యారా?" అన్నది. కాదేమో, ఏదో ఆలోచిస్తున్నారేమో అన్నాము. "ఎవరూ మాట్లాడడం లేదు" అని చిన్ని స్వచ్ఛమైన తెలుగులో చెప్పి, మళ్ళీ చూడసాగినది. మేము కళావిమర్శకులము కాము. అయితే ఆ చిత్రం గురించి అంతకంటే మించి చెప్పవలసినది ఏమున్నదో మాకు ఇప్పటికీ తెలియదు.

అదే గ్యాలరీ సంగ్రహంలో నందలాల్ బోస్ వేసిన హరిపురా చిత్రఫలకాలు ఉన్నవి. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో జరిగిన కాంగ్రెసు మహాసభల కోసం, గాంధీజీ కోరికపై వేసినవి. పల్లెలో పనిపాటలు చేసుకునే మనుషులు అందులోని వస్తువు. ఆ నందలాల్ గారే అంతకు కొద్ది సంవత్సరాల ముందు రవీంద్రుని 'సహజ్ పాఠ్' అనే వాచకానికి బొమ్మలు చెక్కి ఇచ్చారు. మహాసభ పందిరికీ, పసిపిల్లల వాచకానికీ ఒకే చేయి పనిచేసినది. మన వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలు, బాపు గారి గీతలు చూస్తూ పెరిగిన మన తరానికి ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. నెల మొదట్లో చందమామ రాగానే మనం మొదట చేసినది చదువుట కాదు గదా!

అన్ని యాత్రలూ ఫలించినవని చెప్పలేము. ఒకచోట, పుస్తకంలో వారమంతా చూసిన వస్తువు ఆ రోజు ప్రదర్శనలో లేదు. మ్యూజియంలలో వస్తువులను అప్పుడప్పుడు మారుస్తుంటారు. ముందుగా విచారించకపోవడం మా తప్పిదమే. చిన్ని ఆ రోజు మరే వస్తువునూ చూడడానికి అంగీకరించలేదు. సోమవారం సెలవు అనే సంగతి మరచి ఒకసారి మూసిన గేటు చూసి వచ్చాము. ఉద్యోగ మిత్రులు ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి. నీళ్ళ సీసా, పెన్సిలు, తెల్లకాగితాలు వెంట ఉంటే చాలును. ఒకటిన్నర గంటకు మించవద్దు.

గత శీతాకాలంలో మాచర్ల నుండి మా అమ్మగారు వచ్చారు. నీటికాసుల జబ్బు ముదిరి చూపు క్రమంగా పోయినది. ఇక్కడి పెద్ద వైద్యులైనా ఏదైనా చేయగలరేమోనని పిలిపించాము. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్న కాస్త వెలుగునూ కాపాడుకోవడమే మార్గమని వారు చెప్పారు. అమ్మ ఆ మాట మాకంటే నిబ్బరంగా స్వీకరించినది. ఆమె దిగులు వేరు. "మునిమనవరాలి ముఖం కనిపించకపోతే పోయింది, దాని మాటన్నా అర్థం కావొద్దా అబ్బాయ్?" అన్నది. అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. పెద్దావిడ ముందు చిన్నికి సిగ్గుతో తెలుగు పెగలదు. వారం రోజులు ఇద్దరూ ఒకే సోఫాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు.

మా నాన్నగారు నాగార్జునసాగర్ నిర్మాణంలో పనిచేసినవారు. 1955 డిసెంబరు 10న ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. జలాశయంలో మునగబోయే లోయలో ఇక్ష్వాకుల నాటి విజయపురి ఉన్నది. అందువలన 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖ వారు అక్కడ విస్తృతంగా త్రవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలు అధికభాగం కొండపైకి, ఇప్పటి ద్వీపపు మ్యూజియంలోకి చేరినవి. నాగార్జునకొండ రాళ్ళు కొన్ని ఢిల్లీ జాతీయ మ్యూజియంకు కూడా వచ్చినవి. లోయలో రాళ్ళు తవ్వి తీస్తుంటే చూశానని నాన్న మా చిన్నప్పుడు చెప్పేవారు. ఆ మాట అమ్మ వద్ద ఎత్తగా, "ఆ రాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయా? ఒకసారి వెళ్దాం" అన్నది. చూపు లేని మనిషిని మ్యూజియంకు ఎలా తీసుకొని వెళ్ళాలా అని మేము తటపటాయించాము. మా శ్రీమతి మాత్రం ఏమీ అనకుండా అమర్ చిత్ర కథల జాతక కథలు తీసి చిన్ని ముందు పెట్టినది. బుద్ధుని కథ తాను చెప్పినది.

ఆ ఆదివారం అమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకొని వెళ్ళాము. ఆకుపచ్చ ఛాయ గల పలనాటి సున్నపురాయి. నాగార్జునకొండ శిల్పి పొడవైన రాతి దూలాన్ని గడులుగా విభజిస్తాడు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఘట్టం. గడికీ గడికీ నడుమ సన్నని స్తంభాల మధ్య ఒక స్త్రీపురుషుల జంట. ఇంతకుముందు ఎన్నోసార్లు ఈ రాళ్ళ ముందు నుండి నడిచిపోయాము. చిన్ని కొద్దిసేపు చూసి, "ఇది పుస్తకమే! ఇక్కడ పేజీ అయిపోయింది" అని ఆ జంటను చూపినది. పదిహేడు వందల ఏళ్ళుగా రాతిలో ఉన్న విషయం ఏడేళ్ళ పిల్ల చెబితే గాని మాకు తెలియలేదు.

"ఏముందే అందులో?" అని అమ్మ అడిగినది. చెప్పబోతుంటే మా శ్రీమతి మా మోచేయి పట్టుకున్నది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. చిన్ని కుర్చీ చేతిని పట్టుకొని మొదలుపెట్టినది. "ఒక చెట్టుంది, తాతమ్మా. చెట్టు కింద ఒకాయన కూర్చున్నాడు. అందరూ..." అని ఆగినది. మాట తెలియలేదు. రెండు చేతులు జోడించి చూపబోయి, ఆమెకు కనిపించదని గుర్తుకు వచ్చి, అమ్మ రెండు చేతులూ పట్టుకొని దగ్గరకు చేర్చినది. "దండం పెడుతున్నారా?" అన్నది అమ్మ. "ఆ, దండం పెడుతున్నారు" అన్నది చిన్ని. ఆ రాయి ముందు ముప్పావు గంట గడిచినది. మూడు వస్తువుల నియమం కూడా ఆనాడు చెల్లలేదు. ఒకటే చూశాము.

చెట్టు, గొడుగు, పీఠం, జడ, మెడలో దండ. ఆ పూట చిన్ని అడిగి నేర్చుకున్న మాటలను మా శ్రీమతి లెక్కపెట్టినది, ఇరవై రెండు. అంతకంటే దారిలో అమ్మ చెప్పిన మాటలు మాకు ఎక్కువగా గుర్తున్నవి. సాగర్‌లో పనిచేసే రోజులలో నాన్న సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ రోజు బయటపడిన బొమ్మను మట్టిగోడ మీద బొగ్గుతో గీసి చూపేవారట. ఇన్నేళ్ళలో ఆమె ఆ సంగతి మాకు చెప్పలేదు. నాన్నగారికి బొమ్మలు వేయడం వచ్చునని కూడా మేము ఎరుగము.

చిన్ని ఆ తరువాత సొంతంగా ఒక పుస్తకం తయారుచేసినది. రద్దయిన డ్రాయింగు షీట్లను మా విభాగాధిపతి అనుమతితోనే ఇంటికి తెచ్చాము. వాటి వెనుకవైపు బొమ్మలు. నాట్యగత్తె, తల ఊపే ఎద్దు, మాట్లాడని ముగ్గురు అమ్మాయిలు, చెట్టు కింది ఆయన. మా శ్రీమతి సూదీ దారంతో కుట్టి ఇచ్చినది. ఏ పేజీలోనూ అక్షరాలు లేవు. తిప్పి చూస్తే వాల్వు అసెంబ్లీ కనిపిస్తుంది.

సంక్రాంతి తరువాత అమ్మ మాచర్లకు వెళ్ళిపోయినది. ఆదివారం రాత్రి ఫోను వస్తుంది. చిన్ని పుస్తకం ముందు పెట్టుకొని ఒక్కొక్క పేజీ తిప్పుతూ చెబుతుంది, అమ్మ వింటుంది. కథ ప్రతి వారం కొంచెం మారుతుంది, ఎద్దుకు ఇటీవల పేరు కూడా వచ్చినది. పోయిన వారం టీవీలో ఏదో కార్యక్రమం ఉన్నదని చిన్ని త్వరగా ముగించబోయినది. అవతలి నుండి అమ్మ గొంతు స్పష్టంగా వినిపించినది. "ఒక పేజీ దాటేశావేం? గాజుల అమ్మాయి ఏదీ?"

చిన్ని నాలుక కరచుకొని పుస్తకం మళ్ళీ మొదటికి తిప్పినది.